ఫోన్ పేరులో ప్రో, అల్ట్రా, ఎయిర్ ఉంటే ఏమైతది? నాయినకు ఫోన్ కొనే తమ్ముడికి నా జవాబు

దేవరకొండ దిక్కు నుంచి ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, మా నాయినకు మొదటిసారి టచ్ ఫోన్ కొందామనుకుంటున్న. పదిహేను నుంచి ఇరవై వేల లోపు. షాపుకు పోతే ప్రో, ప్లస్, నియో, ఫ్యూజన్, లైట్ అని ఏవేవో చెప్తున్నరు. ఈ పేర్లకు అర్థం ఉన్నదా? పేరు చూసి కొనొచ్చునా? ఇప్పుడు పల్చటి ఫోన్లు వస్తున్నయి కదా, అవి నాయిన చేతికి ఆగుతయా? ఆయనది పత్తి చేను పని. మూడు ఫోన్లు అనుకున్న. ఒకదాని పేర్ల ప్రో ఉన్నది, ఒకదాని పేర్ల 5జీ ఉన్నది, ఇంకొకటి బాగా పల్చగ ఉన్నది."

సూటిగ చెప్త. పేరు చూసి కొనకు. మాడల్ నంబరు, తయారైన నెల, ఎన్నేండ్లు అప్డేట్లు ఇస్తరు, ఈ మూడు అడిగి కొను. ప్రో అన్న మాట ఆ కంపెనీ ఇంట్లోనే పనికొస్తది. ఒకే కంపెనీ, ఒకే ఏడు, ఒకే అంకె ఉన్న రెండు ఫోన్లలో ప్రో ఉన్నది లేనిదానికంటే ఒక మెట్టు పెద్దది, అంతే. గడప దాటితే ఆ మాటకు విలువ లేదు. ఒక కంపెనీ ప్రో ఇంకో కంపెనీ మామూలు ఫోన్ కంటే తక్కువ ఉండొచ్చు. మూడేండ్ల కిందటి ప్రో ఈ ఏడు వచ్చిన మామూలు ఫోన్ కంటే వెనకబడి ఉండొచ్చు. ఇక పల్చటి ఫోను సంగతి: చేను పని చేసే మనిషికి వద్దు. ఎందుకో కింద వివరంగ రాస్త.

నేను నల్లగొండ పెద్ద గడియారం దగ్గర 2005 నుంచి సెల్లు రిపేర్లు చేస్తున్న. అమ్మకం కూడా ఉన్నది గాని నా చేయి ఎక్కువ రిపేరు మీదనే. ఫోన్ మూత తీసి లోపల చూసేటోనికి పైన రాసిన పేరుకు, లోపల ఉన్న సామానుకు ఎంత దూరమో రోజూ కనబడుతది.

మీ నాయిన రైతు కాబట్టి వడ్ల లెక్కనే చెప్త, ఆయనకు కూడా చెప్పు. మన దగ్గర సాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హాలియా రైతును విత్తనాల దుకాణంలో చూడు. "మంచి సన్నాలు ఇయ్యి" అని ఊకుంటడా? ఊకోడు. బీపీటీ 5204 అంటడు, ఎంటీయూ 1010 అంటడు, ఆర్‌ఎన్‌ఆర్ 15048 అంటడు. ఆ అక్షరాల్లో ఊరున్నది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ అంటే మారుటేరు, ఆర్‌ఎన్‌ఆర్ అంటే మన రాజేంద్రనగర్. సాంబ మసూరి, తెలంగాణ సోనా అని ముద్దు పేర్లు ఉన్నయి, కాదనను. కానీ పైసలు పెట్టేటప్పుడు రైతు నంబరే అడుగుతడు, ఎందుకంటే ముద్దు పేరు మీద ఎవడైనా ఏ సంచి అయినా అంటగట్టొచ్చు. నంబరు మారితే పంట కాలం మారుతది, గింజ మారుతది, మిల్లులో ధర మారుతది.

ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి అదే రైతు "ప్రో ఇయ్యి" అంటడు. నాకు బాధ అనిపించేది ఇక్కడనే. ఎకరానికి ఏ విత్తనం ఎంత పడుతదో పైసాతో సహా తెలిసిన మనిషిని, ఒక రంగుల పెట్టె మీది మూడక్షరాల మాట అయోమయంల పడేస్తున్నది. తప్పు ఆయనది కాదు. పేరు పెట్టినోళ్లది.

ఇప్పుడు ఆ తోక పేర్ల సంగతి. పూర్తి పట్టిక రాయను, రాసినా ఆర్నెల్లకు పాతబడుతది. పనికొచ్చే కాడికి చెప్త. అంకె పక్కన చిన్న అక్షరం ఉంటే ఎక్కువసార్లు ధర తగ్గించిన రకం అని పట్టుకో. ఆపిల్ 2025లో తెచ్చిన 16ఈ అట్లనే, గూగుల్ పిక్సెల్‌లో ఏ అట్లనే, రెడ్‌మీలో సీ అట్లనే, వన్‌ప్లస్‌లో ఆర్ అట్లనే. సాంసంగ్‌లో ఎఫ్‌ఈ అంటే ఫ్యాన్ ఎడిషన్. అభిమానుల కోసం అని పేరు, కొంత కోసి ధర తగ్గించిన ఫోన్ అని అర్థం. అయితే సాంసంగ్ చిన్న ఫోన్లలో ఎస్ తగిలిస్తే అది తక్కువది కాదు, ఒక మెట్టు ఎక్కువది. ఏ05 కంటే ఏ05ఎస్ మెరుగు. చూసినవా, ఒక సూత్రం చెప్పిన వెంటనే దానికి ఎదురు తిరిగేది ఒకటి వచ్చింది.

మోటోరోలా 2024లో ఎడ్జ్ 50 అన్న ఒక్క అంకె మీద ఎడ్జ్ 50, ఫ్యూజన్, నియో, ప్రో, అల్ట్రా అని అయిదు ఫోన్లు అమ్మింది. ఫ్యూజన్ పెద్దదా, నియో పెద్దదా? ఆ మాటల్లోనే జవాబు ఉన్నదా? లేదు. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని మనం పిల్లలను పిలిస్తే కొత్తగ వచ్చిన చుట్టానికి కూడా వరస అర్థమైతది. ఇక్కడ ఆ వరస తెలియనీయకుండ పేరు పెట్టిన్రు. ఫోన్లు చెడ్డవని కాదు నేననేది. అందులో కొన్ని చాలా మంచివి. పేరు దారి చూపియ్యాలె, ఇది దారి మూస్తున్నది.

అంకెలైనా సక్కగ ఉంటయా అంటే అవీ అంతే. ఆపిల్ రెండో ఫోను 2008లో వచ్చింది, దాని పేరు 3జీ. అది ఫోన్ వరస కాదు, నెట్‌వర్క్ పేరు. అక్కడ తప్పిన లెక్క మళ్ల కుదరలేదు, 2012లో ఐఫోన్ 5 అని వచ్చింది వరసలో ఆరోది. 2017లో 8, ఎక్స్ రెండూ ఒక్కసారే వచ్చినయి, 9 అన్నదే లేదు. ఆ ఎక్స్‌ను కంపెనీ టెన్ అని చదవమన్నది, దేశమంతా ఎక్స్ అనే చదివింది. సాంసంగ్ 2019లో ఎస్10 తెచ్చి 2020లో నేరుగ ఎస్20కి పోయింది. వన్‌ప్లస్ 3 తర్వాత 5 తెచ్చింది, 13 తర్వాత 15 తెచ్చింది. నాలుగు అంకె చైనాలో మంచిది కాదంటరు, వాళ్ల మాటలో నాలుగుకు, చావుకు పలుకు దగ్గర. షావోమీ 15 తర్వాత 17 అన్నది.

సాంసంగ్ ఎస్20 దూకుడును మాత్రం నేను మెచ్చుకుంట. అప్పటి నుంచి ఎస్ పక్కన ఉన్న అంకె ఏ ఏడుదో చెప్తది. ఎస్23 అంటే 2023, ఎస్25 అంటే 2025. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనే పిలగాడు పేరు వింటేనే దాని వయసు లెక్కేసుకుంటడు. ఆపిల్ కూడా 2025లో ఫోన్ లోపలి సాఫ్ట్‌వేర్‌కు ఇదే పని చేసింది, ఐఓఎస్ 18 తర్వాత నేరుగ 26 అన్నది. కొందరు నవ్విన్రు గాని నాకైతే నచ్చింది. పేరులో ఏడు ఉంటే కొనేటోడు మోసపోయే సందు సగం మూసుకపోతది. బండికి మాడల్ ఏది అని అడుగుతం కదా, ఫోనుకు ఎందుకు అడగొద్దు?

ఎయిర్ అన్న మాట కూడా చూడు. గాలి అంత తేలిక అని దాని భావం. 2008లో మాక్‌బుక్ ఎయిర్ అని ల్యాప్‌టాప్ తెచ్చినప్పుడు ఆపిల్ కంపెనీ పెద్ద స్టీవ్ జాబ్స్ దాన్ని ఆఫీసు కాయితాల కవరులోనుంచి తీసి చూపించిండు. పేరుకు, వస్తువుకు సక్కగ కుదిరిన రోజు అది. కానీ 2015లో అదే కంపెనీ ఏ తోకా లేని ఉట్టి మాక్‌బుక్ అని ఒకటి తెచ్చింది, అది 920 గ్రాములు. అప్పటి 13 అంగుళాల ఎయిర్ 1.35 కిలోలు. ఎయిర్ అని పేరున్నదే బరువు! పేరు ఒకసారి పెడితే ఉండిపోతది, వస్తువు మారుతనే ఉంటది.

మరి మాడల్ నంబరు ఎందుకంటున్న? నాకు తగిలిన దెబ్బ చెప్త. మూడు నాలుగేండ్ల కింద తిప్పర్తి నుంచి ఒక డ్రైవర్ వచ్చిండు, ఫోన్ కాంబో పలిగింది. కాంబో అంటే మా రిపేరోళ్ల మాటలో డిస్‌ప్లే, టచ్ కలిసిన గ్లాసు. ఫోన్ పేరు రాసుకొని హైదరాబాద్ జగదీష్ మార్కెట్ నుంచి తెప్పించిన. పద్దెనిమిది వందలు. మూత తీసి పెట్టి చూస్తే కనెక్టరే కూర్చోలేదు. ఏమైందంటే అదే పేరు మీద 4జీ ఒకటి, 5జీ ఒకటి ఉన్నయి, రెండిటి లోపలి సామాను వేరు వేరు. వెనుక రాసిన పేరు మాత్రం ఒక్కటే. తెచ్చిన సామాను వాపసు తీసుకోలేదు. ఆ డ్రైవర్ రెండు రోజులు ఫోన్ లేకుండ ఉన్నడు, కిరాయి ఫోన్లు అందుకోలేక రెండు ట్రిప్పులు పోగొట్టుకున్నడు. నా పద్దెనిమిది వందల కంటే నాకు అదే ఎక్కువ గుచ్చుకున్నది. అప్పటి నుంచి మా షాపులో రశీదు మీద ఫోన్ పేరు రాయం, మాడల్ నంబరే రాస్తం.

దీనికి తిరగబడ్డ సంగతి ఇంకొకటి ఉన్నది. రెండు పేర్ల కింద ఒకే ఫోన్. 2020లో మన దేశంలో పోకో ఎక్స్2 అని అమ్మిన ఫోన్ చైనాలో రెడ్‌మీ కే30. ఒకే సామాను, రెండు పెట్టెలు. ఇది నేరం కాదు, వ్యాపారం. కానీ ఇద్దరు అన్నదమ్ములు రెండు పేర్లతో అదే ఫోన్ కొనుక్కొని నాది మంచిదంటే నాది మంచిదని కొట్లాడుకుంటుంటే నా బల్ల ముందర చూసిన.

మాడల్ నంబరు ఎక్కడుంటది అంటే పెట్టె పక్కన తెల్ల స్టిక్కర్ మీద, ఐఎంఈఐ అనే పదిహేను అంకెల గుర్తు నంబరు దగ్గర. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అని ఉంటది. అదే స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలె, ప్యాకెట్ సరుకులకు చట్టం అట్ల చెప్తది. ఆ నెల చదువు. ఏడాదిన్నర కిందటిది అయితే బ్యాటరీ అన్ని రోజులు పెట్టెల కూర్చున్నట్టు, అప్డేట్ల గడువులో కూడా కొంత అప్పటికే అయిపోయినట్టు. ధర బాగా తగ్గిస్తేనే తీసుకో.

సెకండ్ హ్యాండ్ అనుకుంటే ఇంకో పని చెయ్యి. స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొడితే ఐఎంఈఐ వస్తది. ఇంగ్లిష్‌లో కేవైఎం అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పంపు. కంపెనీ ఏది, మాడల్ ఏది అని సర్కారు లెక్కలో ఉన్నది వాపసు వస్తది. దొంగ ఫోన్ అని బ్లాక్ చేసి ఉంటే అదీ తెలుస్తది. ఫోన్‌కు పైపేరు ఏదున్నా ఆ పదిహేను అంకెలే దాని ఆధార్ కార్డు.

ఇక పెట్టె మీద పెద్దక్షరాలతో రాసే మాటలు. ఇవి కూడా పేర్ల బాపతే, అందుకే చెప్తున్న.

8 ప్లస్ 8 జీబీ ర్యామ్ అని రాస్తరు. ర్యామ్ అంటే ఫోన్ పని చేసేటప్పుడు వాడుకునే జాగా. పదహారు అనుకొని కొంటరు. అసలు ర్యామ్ ఎనిమిదే. రెండో ఎనిమిది, ఫోటోలు దాచుకునే స్టోరేజీలోనుంచి అప్పు తెచ్చింది. స్టోరేజీ ర్యామ్ అంత వేగం ఉండదు కాబట్టి ఆ అప్పుతో పెద్దగ ఒరిగేది లేదు. నకిరేకల్ దగ్గర అంగన్‌వాడీ టీచరమ్మ ఒకామె 4 ప్లస్ 4 అన్నది తెచ్చుకున్నది, ఫోటో ఎక్కించబోతే యాప్ ఆగిపోతున్నదని. ఆ రెండో నాలుగు బంద్ చేసి స్టోరేజీ ఖాళీ చేస్తే ముందుకంటే నయమైంది.

108 మెగాపిక్సెల్ కూడా అంతే. మామూలుగ ఫోటో తీస్తే తొమ్మిది చుక్కలను ఒక్కటిగ కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తది. అది మోసం కాదు, తక్కువ వెలుతురులో దానివల్ల లాభమే. కానీ 50 కంటే 108 రెండింతలు మంచిది అని అమ్మేది తప్పు.

5జీ అన్న మాట దగ్గర మాత్రం జర నిదానంగ చూడు, మీ ఊరికి అవసరం. జియోది పూర్తిగ 5జీ మీదనే నడిచే పద్ధతి, ఎస్‌ఏ అంటరు. ఎయిర్‌టెల్ 4జీ ఆసరాతో నడిచే ఎన్‌ఎస్‌ఏ పద్ధతిలో మొదలుపెట్టింది. తక్కువ ధర ఫోన్లు కొన్ని 5జీ అని పేరుపెట్టుకొని ఈ రెండిట్లో ఒక్కదానికే పని చేస్తయి. మీ నాయిన సిమ్ము ఏది, ఆ ఫోన్ దానికి పనిచేస్తదా అని అడుగు. జియో అయితే ఎన్28 బ్యాండ్ ఉన్నదా అని కూడా అడుగు, అది దూరం పాకే తరంగం, ఊర్లకు అదే దిక్కు. షాపులో పిలగానికి తెల్వకపోతే కంపెనీ వెబ్‌సైట్‌లో మాడల్ నంబరు కొట్టి చూడు. మళ్ల నంబరు దగ్గరికే వచ్చినం.

అప్డేట్ల సంగతి. సాంసంగ్ ఏ16 5జీ అని 2024లో వచ్చింది. పేర్ల ప్రో లేదు, అల్ట్రా లేదు. దానికి ఆరేండ్లు అప్డేట్లు ఇస్తమని కంపెనీ చెప్పింది. ప్రో అని పేరుండి రెండేండ్లకే చేతులెత్తేసిన ఫోన్లు నా బల్ల మీదికి వస్తుంటయి. బ్యాంకు యాప్ పాత సాఫ్ట్‌వేర్ మీద నడవనంటది, మంచి ఫోను పక్కకు పడుతది. మీ నాయిన ఫోన్ ప్రతి రెండేండ్లకు మార్చే మనిషి కాడు. ఆయనకు కెమెరా కంటే ఇదే ముఖ్యం. కొనుక్కోమని నేను ఆ ఒక్క ఫోన్ పేరే చెప్తలేను, పేరుకు, పనితనానికి సంబంధం లేదనడానికి చూపిస్తున్న.

ఇప్పుడు పల్చటి ఫోన్లు, డిజైన్ల సంగతి. ఇది నా మనసుకు దగ్గర విషయం, కొంచెం ఎక్కువ రాస్త.

2025లో సాంసంగ్ ఎస్25 ఎడ్జ్ 5.8 మిల్లీమీటర్ల మందంతో వచ్చింది, ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లతో వచ్చింది. చేతిల పట్టుకుంటే అబ్బురమనిపిస్తది, అది ఒప్పుకోవాలె. అంత సన్నటి దాంట్ల అంత సామాను పట్టించిన ఇంజినీర్లకు దండం పెట్టొచ్చు. కానీ పల్చదనం ఉట్టిగ రాదు. ఎస్25 ఎడ్జ్‌ల బ్యాటరీ 3900 ఎంఏహెచ్ (చార్జింగ్ ఎంత పడుతదో చెప్పే కొలత), అదే ఇంటి అల్ట్రాల 5000. ఐఫోన్ ఎయిర్‌కు వెనుక ఒక్కటే కెమెరా, స్పీకర్ కూడా చెవి దగ్గర ఉండే ఒక్కటే. సిమ్ము పెట్టే అరనే లేదు, ఫోన్ లోపలనే ఉండే ఈసిమ్ము మాత్రమే. సిమ్ము తీసి పాత డబ్బా ఫోన్ల వేసుకుందామంటే మీ నాయినకు అది కుదరదు. ఆ రెండూ మీ బడ్జెట్ కాదని తెలుసు. కానీ పైన మొదలైంది రెండేండ్లల్ల కింది ధరలకు దిగుతది. నువ్వు చూసిన పల్చటి ఫోన్ ఆ గాలికి వచ్చిందే.

అదే సమయంలో ఇంకో దిక్కు మంచి పని జరుగుతున్నది. సిలికాన్ కార్బన్ బ్యాటరీలు వచ్చినంక అదే మందంలో ఎక్కువ చార్జింగ్ పట్టుతున్నది. వన్‌ప్లస్ 15ల 7300 ఎంఏహెచ్ పెట్టిన్రు. ఇరవై వేల లోపల కూడా ఆరు వేలు, ఏడు వేల ఎంఏహెచ్ బ్యాటరీలవి దొరుకుతున్నయి. పొద్దున ఆరింటికి చేనుకు పోయి రాత్రికి ఇంటికొచ్చే మనిషికి కావాల్సింది ఇది.

మన ఎండ చూడు. ఆపిల్ తన ఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటది. నల్లగొండల ఏప్రిల్, మే నెలలల్ల 43, 44 దాటుతది. ఫోన్ మొత్తం గాజు, లోపల వేడి పోయే సందు తక్కువ, దాన్ని బండి ట్యాంకు కవరుల పెట్టుకొని పోతరు. ఎండకాలం నా దగ్గరికి బ్యాటరీ ఉబ్బినవి వస్తయి, వెనుక అద్దం లేచినవి వస్తయి. మన ఎండల ఒక నెల తిప్పి చూసినంక డిజైన్ ఖాయం చేస్తే ఎంత బాగుండు అనిపిస్తది నాకు ప్రతి ఏడూ.

మన వాడకం తెలుసుకొని చేసిన ఫోన్ ఒకటి చూసినం. నోకియా 1100, 2003లో వచ్చింది. దుమ్ము లోపలికి పోకుండ రబ్బరు కీప్యాడ్, చెమట చేతిల జారకుండ గరుకు అంచులు, పైన టార్చి. పాతిక కోట్లకు పైగ అమ్ముడుపోయింది. పేరు చూస్తే ఉట్టి అంకె, ఏ సొగసూ లేదు. మన జనం దానికి వాళ్లే పేరు పెట్టుకున్నరు, టార్చిలైటు సెల్లు అని. కరెంటు లేని రాత్రి మోటరు కాడికి పోయినప్పుడు చేతిల వెలిగింది కాబట్టి ఆ పేరొచ్చింది. చార్జర్లను కూడా అట్లనే సన్న పిన్ను, పెద్ద పిన్ను అన్నరు. ఈ పేర్లు పెట్టినోళ్లకు ఏ కంపెనీ జీతమియ్యలేదు, కానీ ముసలమ్మ వచ్చి "సన్న పిన్ను చార్జరియ్యి బిడ్డా" అంటే నేను ఒక్కసారి కూడా తప్పు సామాను ఇయ్యలేదు.

వస్తువు పేరు ఇంకో దిక్కు పోయి మంచి పేరైన కథ కూడా ఉన్నది. మనం తినే హెచ్‌ఎంటీ బియ్యం. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే తన పొలంల తీసిన వంగడం అది. ఆ రోజులల్ల జనం నమ్మిన వాచీ హెచ్‌ఎంటీ, ఆ పేరే వడ్లకు పెట్టిన్రు. నమ్మకం ముందు వచ్చింది, పేరు వెనుక వచ్చింది.

ఇప్పుడు మీ నాయిన వేళ్ల సంగతి. పత్తి తీసే చేతులకు వేలిగీతలు అరిగిపోతయి. రేషన్ దుకాణంలో మిషను మీద వేలిముద్ర పడక పెద్దోళ్లు ఎంత తిప్పలు పడుతరో చూస్తనే ఉన్నం. ఫోన్‌ల కూడా అంతే. స్క్రీన్ కింద దాచిన వేలిముద్ర సెన్సార్ చూడ్డానికి బాగుంటది, పని చేసిన చేతిని గుర్తు పట్టదు. నా అనుభవంలో పక్కన పవర్ బటన్ మీద ఉండే సెన్సార్ నయం. సాయంత్రం చేతులు కడుక్కున్నంక ఒకే బొటనవేలును రెండు మూడు సార్లు వేర్వేరు వేళ్ల లెక్కన ఎక్కించు, గుర్తుపట్టేది పెరుగుతది. పిన్ నంబరు మాత్రం ఆయనకు యాదుండేది పెట్టు.

కొత్త ఫోన్లు చాలా వరకు కింది మూడు బటన్లు తీసేసి గీకే పద్ధతి పెడుతున్నయి. పాతికేండ్ల పిలగాడు ఒక్క నిమిషంల నేర్చుకుంటడు. అరవై దాటిన మనిషికి వెనక్కి ఎట్ల పోవాలెనో కనబడదు, ఫోన్ ఖరాబైందని నా దగ్గరికి తెస్తరు. పైసలు తీసుకోకుండ సెట్టింగ్స్‌ల నావిగేషన్‌కు పోయి మూడు బటన్లు తెచ్చి పెడుత. ఆ ముఖంల వచ్చే ధైర్యం చూడాలె. నువ్వు ఇంటికి తీసుకపోంగనే మొదటి పని ఇది చెయ్యి. రెండో పని అక్షరాలు పెద్దగ చేయడం, భాష తెలుగు పెట్టడం, మైకు నొక్కి తెలుగుల మాట్లాడితే రాసేటట్టు కీబోర్డు సరిచేయడం. వాట్సాప్‌ల పత్తి ధర అడగడానికి ఆయన టైపు కొట్టాల్సిన పని లేదు.

తెలుగు అనంగనే ఒకటి యాదికొచ్చింది. 2018 ఫిబ్రవరిల "జ్ఞా" అన్న మన అక్షరం, కంటికి కనబడని ఒక గుర్తుతో కలిసి, ఒక మెసేజ్‌ల వస్తే ఐఫోన్‌ల ఆ యాప్ కూలిపోయేది. తర్వాత ఐఓఎస్ 11.2.6తో సరిచేసిన్రు. కోట్ల మంది రాసుకునే అక్షరంతో వచ్చిన తప్పు అంత పెద్ద కంపెనీ పరీక్షల దాటిపోయింది. మన భాష వాళ్ల బల్ల మీద ఎంత వెనుక కూర్చున్నదో ఆ రోజు అర్థమైంది నాకు. అందుకే ఏ కంపెనీ ఫోనైనా కొనేముందు షాపులనే జ్ఞానం, క్షేత్రం, స్త్రీ అని రాసి చూడు. అక్షరం విరగొద్దు, ఒత్తు పక్కకు జరగొద్దు.

ఇయర్‌ఫోన్ల రంధ్రం గురించి కూడా. ఐఫోన్ 7 నుంచి, అంటే 2016ల ఆపిల్ తీసేసింది, తర్వాత చాలామంది అదే దారి. చార్జర్ కూడా 2020ల ఐఫోన్ 12 పెట్టెలోనుంచి పోయింది, కొద్ది నెలలకే సాంసంగ్ ఎస్21 పెట్టెల కూడా లేదు. మీ ధరల ఇంకా రంధ్రం ఉన్న ఫోన్లు దొరుకుతయి, ఉన్నదే తీసుకో. వంద రూపాయల వైరు ఇయర్‌ఫోన్ పోయినా బాధ లేదు, చార్జింగ్ పెట్టే పని లేదు. చార్జర్ పెట్టెల ఉన్నదా అని అడిగి బిల్లు కట్టు. టైప్ సీ అన్నది మూతి ఆకారం పేరు మాత్రమే, వేగం పేరు కాదు. ఒకే తీరుగ కనబడే రెండు సీ కేబుళ్లల్ల ఒకటి గంటల ఎక్కిస్తది, ఇంకోటి మూడు గంటలు తీసుకుంటది.

ఐపీ68 అని ఉంటే నీళ్లల్ల వేయొచ్చు అనుకోకు. ఆ ఆరు దుమ్ముకు, ఎనిమిది నీళ్లకు. పరీక్ష చేసేది మంచినీళ్లల్ల, కొత్త ఫోన్ మీద. డిండి దగ్గర చేపలు పట్టే ఒకాయన ఫోన్ నీళ్లల్ల పడింది, పేరున్న కంపెనీ, పెట్టె మీద ఐపీ గుర్తు కూడా ఉన్నది. నీళ్లు పోతే వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్‌ల వాపసు పంపిన్రు. కాయితం మీద సన్న అక్షరాలల్ల ఆ మాట రాసే ఉన్నది. పెద్ద అక్షరాల మాట నమ్మి కొన్నడు, సన్న అక్షరాల మాటతో నష్టపోయిండు.

అంచులు వంగిన డిస్‌ప్లే వద్దు. టెంపర్డ్ గ్లాసు సక్కగ అంటదు, పలిగితే కాంబోకే ఫోన్ ధరల మూడో వంతు పోతది. సమంగ ఉన్న గ్లాసు, వెనుక ప్లాస్టిక్ ఉన్న ఫోన్ తీసుకో. ప్లాస్టిక్ అంటే నామోషీ అనుకునేటోళ్లు ఉన్నరు. పడితే పలగదు, వేడి తొందరగ చేతికి తగలదు, గీత పడితే పౌచ్ వేస్తే కనబడదు. చేను గట్టు మీద అదే నిలుస్తది.

టీవీల గురించి ఒక్క మాట, ఎందుకంటే నువ్వు ఫోన్‌తో ఆగవు, దసరాకు అది కూడా అడుగుతవు. ఎల్‌ఈడీ టీవీ, క్యూఎల్‌ఈడీ టీవీ రెండూ లోపల ఎల్‌సీడీ ప్యానెలే, వెనుక లైటు వెలుగుతది. ఓఎల్‌ఈడీ ఒక్కటే వేరు, అందుల ప్రతి చుక్క తనంతట తాను వెలుగుతది. క్యూ, ఓ అక్షరాలు రాతల ఒకదాని లెక్క ఒకటి కనబడుతయి, ధర మాత్రం చాలా తేడా. బిల్లు మీద ఏ అక్షరం ఉన్నదో చూసుకో.

కొనే రోజు నాయినను వెంట తీసుకపో. ఫోన్ ఆయన చేతికిచ్చి షాపు బయట ఎండల నిలబడి స్క్రీన్ కనబడుతదా చూడమను. అక్కడ్నుంచే ఇంటికి ఒక ఫోన్ చేయించి, రోడ్డు చప్పుడుల మాట వినబడుతదా అడుగు. జేబుల పెట్టుకొని వంగి లేవమను, పెద్ద ఫోనయితే బనియన్ జేబులోనుంచి జారిపోతది. నచ్చకపోతే ప్రో అయినా వాపసు పెట్టు, షాపోడు ఏమన్నా అనుకోనీ.

నువ్వు అనుకున్న మూడు ఫోన్లకు పేర్లు కాదు, పెట్టె మీది మాడల్ నంబర్లు, తయారైన నెల రాసి ఇక్కడ పెట్టు. మా పిలగాడు గురువారం జగదీష్ మార్కెట్‌కు పోతడు, ఆ మూడిటి కాంబోలు, బ్యాటరీలు దొరుకుతున్నయా, ఎంత పడుతున్నయో కనుక్కొని రాత్రికి చెప్త.